పల్స్ ఆక్సీమీటర్ సొంతంగా కడదాం – 4వ పాఠం: అందరికీ 85 ఎందుకొచ్చింది?

పోయిన పాఠం చివర మీ వేలి మీద రక్తంలోని ఆక్సిజన్ శాతం లెక్కకట్టి చూడమన్నాను. ఎక్కువమందికి 85 వచ్చింది. లైబ్రరీలోని సమీకరణం తెచ్చి అతికించినవాళ్ళకు 80. ఒకరిద్దరికి 60. ఇంకొందరికి నిక్షేపంగా 99 వచ్చింది కానీ వాళ్ళ కోడ్ చూస్తే అదీ తప్పే. గుండె వేగం లెక్క ఈసారి మొదలుపెట్టాల్సింది, దాన్ని పక్కన పెడుతున్నా. ముందు ఈ అంకెల సంగతి తేలాలి.

అంతకంటే ముందు, సెన్సరే పలకనివాళ్ళకు రెండు మాటలు. ఐ2సీ (చిప్‌లు రెండు తీగల మీద మాట్లాడుకునే పద్ధతి) స్కానర్‌లో మన సెన్సర్ చిప్ మాక్స్ 30102 కనిపించకపోతే చిప్ పాడైందని పారేయకండి. కొన్ని చవక బోర్డుల్లో మూడు 4.7 కిలో ఓమ్‌ల పుల్-అప్ రెసిస్టర్లను (తీగను ‘హై’ స్థితిలో పట్టి ఉంచేవి) 1.8 వోల్టులకు కలిపేస్తారు. మన కోడ్ నడిచే ఈఎస్‌పీ32 బోర్డుకు ‘హై’ అని తెలియాలంటే దాదాపు 2.5 వోల్టులు కావాలి, 1.8 చాలదు. ఆ మూడు రెసిస్టర్లూ ఊడదీసి, ఎస్‌డీఏ (డేటా), ఎస్‌సీఎల్ (గడియారం) తీగలకు బయటినుంచి 3.3 వోల్టులకు ఒక్కో 4.7 కిలో ఓమ్ పెట్టండి. టంకం పెట్టడం వచ్చినవాళ్ళకు ఇది చిన్న పనే.

ఇక 85. మనం వాడుతున్న సమీకరణం ఇది: శాతం = 110 − 25 × ఆర్. ఆర్ విలువ 1 అయితే జవాబు 85. లైబ్రరీవాళ్ళది −45.060 ఆర్² + 30.354 ఆర్ + 94.845. ఇందులో 1 వేస్తే 80.1. అంటే రెండు గుంపులదీ ఒకటే జబ్బు: ఆర్ 1 దగ్గర ఇరుక్కుపోయింది.

ఆర్ అంటే ఏమిటో మళ్ళీ రాస్తున్నా, ఈసారి కళ్ళు పెట్టి చదవండి. ఎర్ర కాంతిలో (660 నానోమీటర్లు) నాడితోపాటు ఊగే భాగం ఏసీ, ఊగకుండా ఉండే భాగం డీసీ. ఏసీని డీసీతో భాగించండి. ఐఆర్‌లోనూ (కంటికి కనపడని పరారుణ కాంతి, 880 నానోమీటర్లు) అలాగే చేయండి. మొదటి భాగఫలాన్ని రెండో దానితో భాగిస్తే వచ్చేదే ఆర్.

ఒక ఉదాహరణ. ఎర్ర డీసీ 1,42,000, ఏసీ 710. భాగిస్తే 0.005. ఐఆర్ డీసీ 1,68,000, ఏసీ 1,680. భాగిస్తే 0.01. ఆర్ 0.5, శాతం 97.5. ఆరోగ్యంగా ఉన్న మనిషికి రావాల్సింది ఈ చుట్టుపక్కలే.

మరి మీరేం చేశారు? అంకెలను గ్రాఫుగా గీసే సీరియల్ ప్లాటర్‌లో ఐఆర్ అల పెద్దగా, ఎర్ర అల పీలగా కనిపించింది. బొమ్మ బాగుండాలని రెండింటినీ విడివిడిగా 0 నుంచి 100కి సాగదీశారు. చూడడానికి అయితే ఏ తప్పూ లేదు. కానీ సాగదీసిన అంకెలనే అదే చరరాశిలో దాచి, దాన్నే లెక్కకూ ఇచ్చారు. ఇప్పుడు రెండు అలల ఎత్తూ 100, రెండింటి సగటూ దాదాపు ఒకటే. ఒకటిని ఒకటితో భాగిస్తే ఒకటి కాక ఇంకేమొస్తుంది? ఆక్సిజన్ సమాచారమంతా ఉండేది ఆ ఎత్తుల తేడాలోనే. దాన్ని మీ చేత్తో మీరే చెరిపేశారు. నన్నడిగితే లెక్క కుదిరేదాకా ప్లాటర్ తెరవకపోవడం మేలు. అంకెలను వరుసగా ముద్రించి చూసుకోండి.

99 వచ్చినవాళ్ళది ఇంకో దారి, ఇది మరీ ప్రమాదం. వీళ్ళు హై-పాస్ ఫిల్టర్ (వేగంగా ఊగేదాన్నే వదిలే జల్లెడ) వేసి డీసీని తీసేశారు, తీసేసినదాన్ని ఎక్కడా దాచుకోలేదు. మిగిలిన ఏసీలనే భాగించారు: 710 ÷ 1,680 = 0.42, శాతం 99.4. అంకె ముచ్చటగా ఉంది కాబట్టి ఎవరికీ అనుమానం రాలేదు. ఇప్పుడు ఎర్ర ఎల్‌ఈడీ కరెంటు ఒకటిన్నర రెట్లు చేయండి. ఏసీ 1,065 అవుతుంది, డీసీ 2,13,000 అవుతుంది. సరైన కోడ్‌లో ఆర్ అప్పుడూ 0.5 దగ్గరే ఉంటుంది. వీళ్ళ కోడ్‌లో 0.63కి ఎగబాకి శాతం 94కి పడుతుంది. రక్తం మారలేదు, దీపం వెలుగు మారిందంతే. డీసీతో భాగించేది ఇందుకే: దీపం ఎంత వెలిగినా, చర్మం ఎంత మందంగా ఉన్నా ఆ ప్రభావం చాలావరకు కొట్టుకుపోవాలి.

60 వచ్చినవాళ్ళకు ఆర్ తిరగబడింది: 0.5 కాస్తా 2 అయింది. కొన్ని బోర్డుల్లో ఎర్ర, ఐఆర్ ఎల్‌ఈడీలు తారుమారుగా ఉంటాయి. 12వ రిజిస్టర్‌లో (రిజిస్టర్ అంటే చిప్‌లో సెట్టింగు దాచే గడి; 12 ఎర్ర ఎల్‌ఈడీ కరెంటుది, 13 ఐఆర్‌ది; రిజిస్టర్ సంఖ్యలన్నీ దశాంశంలోనే ఇస్తున్నా) 36 వేసి, 13వ దానిలో సున్నా పెట్టండి. ఎర్రగా వెలిగితే బోర్డు సరైనదే. వెలగకపోతే కోడ్‌లో రెండు ఛానళ్ళ పేర్లూ మార్చుకోండి.

వేలు కదిపినా ఆర్ 1 వైపే జారుతుంది. కదలిక రెండు కాంతులనూ ఇంచుమించు ఒకే నిష్పత్తిలో ఊపుతుంది కదా. రక్తంలో మెథెమోగ్లోబిన్ (ఆక్సిజన్ మోయలేని రకం హిమోగ్లోబిన్) బాగా పెరిగినప్పుడు ఆస్పత్రి యంత్రం కూడా 85 దగ్గర ఆగిపోతుంది. ఆ పదార్థం రెండు కాంతులనూ దాదాపు సమానంగా పీల్చుకోవడమే కారణం. జపాన్ కంపెనీ నిహాన్ కోడెన్‌లో ఇంజనీరు తకువో అయోయాగి 1970ల మొదట్లో గుండె పంపే రక్తాన్ని రంగుద్రవంతో కొలిచే పని మీద ఉండేవాడు. చెవి దగ్గర కొలిచే కాంతిలో నాడి ఊపు అడ్డొస్తోందని రెండో కాంతితో దాన్ని కొట్టేయబోయాడు. ఆక్సిజన్ తగ్గితే ఆ కొట్టివేత కుదరడం లేదని గమనించాడు. పల్స్ ఆక్సీమీటర్ అక్కడే పుట్టింది. ఆయన వదిలించుకోవాలనుకున్న ఊపే మన ఏసీ.

సెట్టింగులు ఇలా పెట్టండి. 8వ రిజిస్టర్‌లో 80, 9లో 3, 10లో 47. సెకనుకు 400 నమూనాలు, నాలుగేసి సగటు, 411 మైక్రోసెకన్ల పల్స్ అని అర్థం. నేరుగా 100 నమూనాలే తీసుకుంటే సరిపోదా అని అడగొచ్చు. మన ఇళ్ళ కరెంటు 50 హెర్ట్జ్, కాబట్టి ట్యూబులైటు సెకనుకు 100 సార్లు మినుకుతుంది. చిప్ గడియారం ఒక శాతం తప్పి 99 నమూనాలే తీస్తే, ఆ మినుకు సెకనుకొక అలగా మారి కనిపిస్తుంది. వేలు పెట్టకుండానే నాడి 60! చిప్‌లో బయటి వెలుగును తీసేసే ఏర్పాటు ఉన్నా కొంత మిగులుతుంది. 400 తీసి నాలుగేసి సగటు చేస్తే ఒక పూర్తి మినుకు ఆ సగటులోనే కలిసిపోతుంది. పైన నల్లగుడ్డ ఎలాగూ కప్పండి.

డీసీ 1,20,000 నుంచి 2,20,000 మధ్య ఉండేలా కరెంటు సర్దండి. 2,62,143 దగ్గర ఆగిపోతే సెన్సర్ కళ్ళు బైర్లు కమ్మినట్టే, కరెంటు తగ్గించాలి. ఏసీకి శిఖరం, లోయ వెతకొద్దు. ఒక్క కుదుపుకే మోసపోతుంది. నాలుగు సెకన్ల కొలతల ముక్కలో నెమ్మది ఊగిసలాట తీసేసి ఆర్‌ఎంఎస్ (వర్గాల సగటుకు వర్గమూలం) తీసుకోండి. రెండు ఛానళ్ళకూ ఒకే ఫిల్టర్ వేయాలి. ఆర్డుయినో ఊనో బోర్డు వాడేవాళ్ళు లాంగ్ (పెద్ద పూర్ణాంకాలు), ఫ్లోట్ (దశాంశాలు) రకం చరరాశులు వాడాలి. పూర్ణాంకాల్లో 710ని 1,42,000తో భాగిస్తే సున్నా వస్తుంది. వేలిని చేత్తో నొక్కిపెట్టకండి, రక్తం పక్కకు తప్పుకుని ఏసీ చచ్చిపోతుంది. మెత్తటి వెల్క్రో పట్టీ చాలు.

ఇదంతా సరిగ్గా చేసినా మీది క్యాలిబ్రేషన్ (అసలు కొలతతో సరిచూడడం) లేని యంత్రమే, సమీకరణం అరువు తెచ్చినదే. అసలు క్యాలిబ్రేషన్‌లో ఆరోగ్యవంతులైన వాలంటీర్లకు డాక్టర్ల పర్యవేక్షణలో ఆక్సిజన్ తగ్గించి, 70 శాతం దాకా దించుతూ ధమని రక్తంతో పోలుస్తారు. అమెరికాలో వైద్య పరికరాలను అనుమతించే సంస్థ ఎఫ్‌డీఏ 2013 మార్గదర్శకం కనీసం 10 మంది, 200 కొలతలు అడిగింది. అందులో ముదురు రంగు చర్మం ఉన్నవాళ్ళు ఇద్దరో 15 శాతమో, ఏది ఎక్కువైతే అంతమంది ఉండాలంది. అది చాలలేదని 2020లో మిషిగన్ పరిశోధకులు చూపించారు. యంత్రం 92–96 చూపిస్తున్నా ధమని రక్తంలో 88 కంటే తక్కువ ఉన్న కొలతలు నల్లజాతి రోగుల్లో 11.7 శాతం, తెల్లవాళ్ళలో 3.6 శాతం. కాబట్టి ఇంట్లో ఎవరికైనా ఆయాసమొస్తే ఈ బోర్డు అంకె చూస్తూ కూర్చోవద్దు, డాక్టరు దగ్గరికి వెళ్ళండి. ఊపిరి బిగబట్టి శాతం పడుతుందేమోనని పరీక్షించడం కూడా వద్దు.

అభ్యాసం. ఎర్ర ఎల్‌ఈడీ రిజిస్టర్‌ను 24, 36, 54 చేస్తూ ఒక్కోదానికి నిమిషం చొప్పున రికార్డు చేయండి. ఐఆర్ ముట్టుకోవద్దు. మూడు ఆర్‌ల మధ్య తేడా 0.03 దాటకూడదు. దాటితే డీసీని కోడ్‌లో ఎక్కడ పోగొట్టుకున్నారో వెతకండి. తర్వాత వేలు తీసేసి, ట్యూబులైటు కింద నల్లగుడ్డ లేకుండా ఇంకో నిమిషం. ఐఆర్‌లో ఏసీ ÷ డీసీ 0.003 కంటే తక్కువైనా, డీసీ 50,000 కంటే తక్కువైనా మీ కోడ్ ఏ అంకే చూపించకుండా అంకె స్థానంలో గీతలు (--) మాత్రమే చూపాలి. ఆ గీతలు వచ్చేదాకా 5వ పాఠం తెరవకండి.