స్పాన్ స్ట్రెస్సింగ్: గేజ్ ఒక్కటే చూస్తే చాలదు

2011లో బైయప్పనహళ్లి నుంచి ఎంజీ రోడ్ దాకా మొదటి రైలు తిరిగినప్పటి నుంచి బెంగళూరులో మెట్రో పని ఆగింది లేదు, ఈ సైట్లలో మన తెలుగు పిల్లలకూ కొదవ లేదు. కొత్తగా చేరిన తమ్ముళ్లు లాంచింగ్ గర్డర్ (సెగ్మెంట్లనే కాంక్రీటు ముక్కల్ని ఎత్తి పట్టుకునే పెద్ద ఉక్కు దూలం) కింద సెల్ఫీలు దిగుతుంటారు. దిగండి. కానీ రేపు ఆ గర్డర్ పక్క స్పాన్‌కి, అంటే తర్వాతి రెండు స్తంభాల మధ్యకి, వెళ్లిపోయాక సెగ్మెంట్లను పట్టి ఉంచేది మీరు లాగి బిగించిన స్ట్రాండ్లే, అంటే ఉక్కు తీగలు పేనిన తాళ్లే. ఆ లాగి బిగించడమే స్ట్రెస్సింగ్.

ముందు జిగురు సంగతి. యార్డులో ఒక సెగ్మెంట్ ముఖానికి ఆనించే పక్కదాన్ని పోస్తారు కాబట్టి వరస మారితే అతకవు, నంబర్లు నువ్వే చూసుకో. ముఖాల మీద దుమ్ము, నూనె లేకుండా తుడిపించాకే ఎపాక్సీ జిగురు పూయించు. సెగ్మెంట్లను దగ్గరికి నొక్కి పట్టే టెంపరరీ బార్లు, వాటిని లాగే జాకులు సిద్ధం కాకముందే డబ్బా కలిపావో, ఎండకి అది డబ్బాలోనే బిగుసుకుపోతుంది. నొక్కినప్పుడు జాయింటు పొడవునా జిగురు బయటికి ఉబికి రావాలి. వెంటనే డక్టుల్లో (స్ట్రాండ్లు దూర్చే గొట్టాల్లో) గుడ్డ కట్టిన కర్ర దూర్చి లోపలికి కారింది తుడిపించు. ఇది ఎందుకంటున్నానో చెప్తా.

28 మీటర్ల స్ట్రాండ్‌ని 1395 ఎంపీఏకి (మెగాపాస్కల్, చదరపు మిల్లీమీటరుకి ఇన్ని న్యూటన్ల బలం) లాగుతున్నావనుకో. స్టీలు 'E' విలువ (ఎంత బలానికి ఎంత సాగుతుందో చెప్పే అంకె) 195 జీపీఏ, అంటే 195000 ఎంపీఏ అయితే 1395 × 28000 ÷ 195000, అంటే సుమారు 200 మిల్లీమీటర్లు సాగాలి, డక్టు రాపిడికి కొంచెం తగ్గుతుంది. నేను పనిచేసిన ఒక సైట్లో ఓ రాత్రి జాకు గేజ్ మీద ప్రెషర్ సరిగ్గా ఉంది, స్కేలు పెడితే లెక్కకన్నా 20 మిల్లీమీటర్లు తక్కువ. మామూలుగా 5 శాతం తేడా దాటితే ఆపాలి. మా శ్రీకాకుళం మేస్త్రి "పర్లేదు సారూ, లాక్ చేసేద్దాం" అన్నాడు, తెల్లారితే ట్రాఫిక్ వదలాలి, నిజం చెప్పాలంటే నాకూ నిద్రొస్తోంది. అయినా లోడ్ దించేసి స్ట్రాండ్లు బయటికి లాగిస్తే అవతలి చివరికి దగ్గర్లో గట్టిపడ్డ ఎపాక్సీ ముద్దలు! జాకు లాగిన బలం అక్కడే చిక్కుకుపోయింది, అవతలి చివరకి చేరనే లేదు.

అందుకే మొదట కొంచెం లాగి వదులు పోయాక గుర్తు పెట్టి, అక్కడినుంచి ప్రతి మెట్టు దగ్గరా ప్రెషర్, సాగుడు రెండూ రాయి. రాసేటప్పుడు జాకు వెనక మాత్రం నిలబడకు, స్ట్రాండ్ తెగినా, దాన్ని బిగించి పట్టే వెడ్జ్ జారినా తూటాలా వచ్చేది అటే.

గ్రౌటింగ్ రోజు, అంటే డక్టుల్లోకి సిమెంటు పాలు పంపి నింపే రోజు కూడా తొందర వద్దు. అవతలి గొట్టంలోంచి ముందు నీళ్లలా కారుతుంది, ఇటు పంపినంత చిక్కగా అటు వచ్చేదాకా మూత వేయనివ్వకు.