వంద బొమ్మల సైన్యానికి రంగులు వేసి, బేసులు తీర్చిదిద్దడం ఎలా?

టేబుల్ మీద ఆడే యుద్ధ క్రీడల కోసం మినియేచర్ బొమ్మలు కొనడం తేలికే. వాటన్నిటికీ రంగులు వేసే దగ్గరే చాలామంది ఆగిపోతారు. ప్రతి బొమ్మనూ షోకేసులో పెట్టబోయే దానిలా వేయాలని చూడటమే అందుకు ముఖ్య కారణం. ఆటలో సైన్యాన్ని చూసేది రెండు మూడు అడుగుల దూరం నుంచి, అదీ గుంపుగా. అంత దూరం నుంచి కంటికి ఆనేవి రంగుల పొందిక, ముఖాలు, బేసులు (బొమ్మ నిలబడే కింది పలకలు). శ్రద్ధంతా వాటి మీద పెట్టి మిగతా పని చకచకా కానిచ్చేయాలి. 120 బొమ్మల సైన్యంలో ఒక్కో బొమ్మకు 5 నిమిషాలు తగ్గిస్తే 10 గంటలు మిగులుతాయి.

ముందు ఒక్క బొమ్మ

ఒకే ఒక్క బొమ్మను మొదటి నుంచి చివరి దాకా, బేసుతో సహా, పూర్తి చేయండి. మిగతా సైన్యానికంతా అదే నమూనా. ప్రధాన రంగులు మూడుకు మించనీయకండి. తోలు పట్టీలకు ఒక గోధుమ రంగు, ఆయుధాలకు ఒక లోహపు రంగు ఎలాగూ కావాలి. ఏ రంగు ఎక్కడ వేశారో, ఏ వరసలో వేశారో ఒక కార్డు మీద రాసి పెట్టుకోండి. కొన్ని నెలల తర్వాత ఇంకో దళాన్ని చేర్చాలనుకున్నప్పుడు ఆ కార్డే ఆదుకుంటుంది. మీరు కలిపి తయారుచేసుకున్న ఛాయను మళ్లీ అచ్చం అలాగే తెప్పించడం కష్టం, కాబట్టి పెద్ద సైన్యానికి సీసాలోంచి నేరుగా వచ్చే రంగులే వాడమంటాను.

ఇప్పుడు ఆ నమూనాను టేబుల్ అవతలి అంచున పెట్టి చూడండి. మీరు పడ్డ శ్రమలో ఏది అక్కడి నుంచి కనబడకపోతే దాన్ని కార్డులోంచి కొట్టేయండి. కనుపాపలు, బకిల్ మీది మెరుపులు సాధారణంగా ఇక్కడే పోతాయి. సేనాపతికీ జెండా పట్టినవాడికీ మాత్రం వాటిని ఉంచుకోండి.

శుభ్రం చేయడం, ప్రైమర్ కొట్టడం

ప్లాస్టిక్ బొమ్మలను ఫ్రేమ్ నుంచి కట్టర్‌తో వేరుచేసి, అచ్చు అతుకుల గీతలను కత్తి వెనక అంచుతో గీకేయండి. వదిలేస్తే డ్రై బ్రష్ (దాదాపు పొడి బ్రష్‌తో ఎత్తు భాగాలకు రంగు తాకించడం) చేసినప్పుడు అవే కొట్టొచ్చినట్టు కనిపిస్తాయి. రెజిన్ బొమ్మల మీద అచ్చులోంచి తేలిగ్గా ఊడిరావడానికి పూసిన జిడ్డు మిగిలి ఉండొచ్చు. సబ్బు కలిపిన గోరువెచ్చని నీళ్లలో కడిగి ఆరబెట్టండి. రెజిన్ పొడి ఊపిరితిత్తులకు మంచిది కాదు, అరగదీసేటప్పుడు తడిపి అరగదీయండి, మాస్కు పెట్టుకోండి.

ఒక్కో సిపాయికి ఒక్కో బేసు ఉండే ఆటలైతే ఇసుకను ఇప్పుడే అంటించడం మేలు, రంగులకు ముందు వేసే ప్రైమర్ పూత దాన్ని కూడా బిగించి ఉంచుతుంది. ఒకే బేసు మీద ముగ్గురు నలుగురు నిలబడే 15 మిల్లీమీటర్ల ఎత్తు బొమ్మలకు ఇది కుదరదు, కాళ్ల మధ్యకు బ్రష్ పోదు. వాటిని ఐస్‌క్రీమ్ పుల్లల మీద ఎడంగా అంటించి, రంగులన్నీ అయ్యాకే బేసు మీదికి మార్చండి.

స్ప్రే ప్రైమర్‌ను ఆరుబయట, 20 నుంచి 30 సెంటీమీటర్ల దూరంలో పట్టుకుని, చేయి ఆపకుండా కదుపుతూ పలుచగా కొట్టండి. గాలిలో తేమ ఎక్కువగా ఉన్న రోజున మానుకోండి, పూత చెడిపోతుంది. ముందు నలుపు కొట్టి, ఆరాక తెలుపును పైనుంచి మాత్రమే కొడితే వెలుగునీడలు ముందే ఏర్పడతాయి. దీన్ని జెనిథల్ ప్రైమింగ్ అంటారు. గేమ్స్ వర్క్‌షాప్ కంపెనీ సిటడెల్ పేరుతో 2019లో తెచ్చిన కాంట్రాస్ట్ లాంటి పలుచని రంగులు దీని మీద ఒక్క పూతతోనే నీడనూ వెలుగునూ చూపిస్తాయి. టైమ్ తక్కువ ఉన్నవాళ్లకు ఇది మంచి దారి.

విడతలుగా రంగులు

ఒక విడతకు 8 నుంచి 12 బొమ్మలు చాలు. పన్నెండో దాని దగ్గరికి వచ్చేసరికి మొదటిది ఆరిపోయి ఉంటుంది, ఎదురుచూడక్కర్లేదు. 40 బొమ్మలు ఒకేసారి ముందేసుకుంటే సాయంత్రాలు గడుస్తున్నా ఒక్కటీ పూర్తి కాదు, విసుగొచ్చి పక్కన పెట్టేస్తాం.

ఒక రంగు తెరిస్తే విడతలోని బొమ్మలన్నిటికీ వేశాకే మూత పెట్టండి. లోపలి నుంచి బయటికి రండి: ముందు చర్మం, తర్వాత బట్టలు, ఆపైన తోలు, చివర్లో లోహం. లోతుగా ఉన్నచోట వేసేటప్పుడు బ్రష్ జారి బయటి భాగానికి అంటినా తర్వాతి రంగు కప్పేస్తుంది. యాక్రిలిక్ రంగును నీళ్లతో పాలంత పలుచగా చేసి రెండు పూతలు వేయండి, చిక్కటి పూత ఒక్కటి వేస్తే ముఖంలోని గీతలన్నీ పూడిపోతాయి.

తర్వాత వాష్. ఈ పలుచని ముదురు రంగు మడతల్లోకి తనంతట తానే దిగి నీడవుతుంది. వేసి వదిలేయకండి. గడ్డం కిందా డాలు అంచునా బొట్టులా నిలిచిపోతుంది, కొంచెం తడి బ్రష్ మొన తగిలిస్తే పీల్చుకుంటుంది. పూర్తిగా ఆరే దాకా మళ్లీ ముట్టుకోవద్దు.

గొలుసు కవచాలకూ బొచ్చుకూ డ్రై బ్రష్ బాగా పనిచేస్తుంది. పాత బ్రష్‌ను రంగులో ముంచి, కాగితం మీద ఇక రంగేమీ దిగడం లేదనిపించేదాకా తుడిచి, ఎత్తుగా ఉన్న భాగాల మీద తేలిగ్గా అటూఇటూ ఆడించండి. కవచంలోని ఒక్కో రింగు అంచూ వెలుగుతుంది. చివర్లో ముఖాలకు కాస్త ఎక్కువ టైమ్ ఇవ్వండి. ముక్కు మీద, చెంప ఎముకల మీద లేత చర్మపు రంగు చుక్క పెడితే దూరానికి ముఖం తేటగా కనిపిస్తుంది.

బేసులు

రకరకాల దళాలను ఒక్క సైన్యంగా కలిపేది బేసులే. రంగులు అంతంత మాత్రంగా వచ్చిన సైన్యం కూడా మంచి బేసుల మీద హుందాగా కనిపిస్తుంది. బొమ్మలు ముదురు రంగువైతే నేల లేతగా, లేతవైతే నేల ముదురుగా పెట్టుకోండి.

ఇసుకను ప్రైమర్‌కు ముందు అంటించినా, చివర్లో అంటించినా పద్ధతి ఒక్కటే: తెల్ల పీవీఏ జిగురు రాసి, సన్న ఇసుకలో నాలుగు పెద్ద పలుకులు కలిపి అందులో అద్దండి. ఇసుకంతా ఒకే సైజైతే గరుకు కాగితంలా ఉంటుంది. రాత్రంతా ఆరనిచ్చి ముదురు గోధుమ రంగు వేయండి. ఆరాక దాని మీద లేత గోధుమ, ఆపైన ఇంకా తక్కువగా ఎముక రంగు డ్రై బ్రష్ చేయండి. బేసు అంచు చుట్టూ మాత్రం సైన్యమంతటికీ ఒకే రంగు ఉండాలి. అందరూ తొందరపడి వదిలేసే పని ఇదే, తేడా మాత్రం చాలా కనిపిస్తుంది.

గడ్డి అంటించే ముందు మ్యాట్ (మెరుపు లేని) వార్నిష్ వేయండి, లేకపోతే గడ్డి కూడా వన్నె తగ్గిపోతుంది. ఆటలో ఎక్కువగా చేతులు తగిలే లోహపు బొమ్మలకు ముందు గ్లాసీ (మెరిసే) వార్నిష్, దాని మీద మ్యాట్ వేస్తే రంగు త్వరగా ఊడదు. కత్తులు మెరుపు తగ్గినట్టుంటే లోహపు రంగు మళ్లీ కొంచెం తగిలించవచ్చు. ఆ తర్వాత గడ్డి కుచ్చులు. అన్నిటికీ నడిమధ్యలో కాకుండా రాయి పక్కన ఒకటి, మడమ వెనక ఒకటి పెట్టండి. కొన్ని బేసులను బోసిగానే వదిలేయండి.

చివరగా బేసు అడుగున చిన్న నియోడిమియం అయస్కాంతం అంటించి, ఇనుప రేకు పరిచిన పెట్టెలో నిలబెట్టండి. రేకుకు ఏ వైపైనా అతుక్కుంటుంది కాబట్టి ధ్రువాల గొడవ లేదు, పెట్టెను మోసుకెళ్లినా ఈటెలు ఒకదానికొకటి తగిలి విరగవు.