తుప్పుతో బిగుసుకుపోయిన ఎగ్జాస్ట్ మానిఫోల్డ్ నట్లు: స్పానర్ పట్టే ముందు

ఎగ్జాస్ట్ మానిఫోల్డ్ అంటే ఇంజన్ పొగను బయటికి పంపే, హెడ్డుకు బిగించిన పైపుల భాగం. ఇంజన్ పూర్తిగా చల్లారాలి, బ్యాటరీ నెగటివ్ వైరు తీసేయాలి. కళ్లద్దాలు పెట్టుకోండి; కింద పడుకుని చేస్తే తుప్పు పెళ్లలు నేరుగా కంట్లోనే పడతాయి.

ముందురోజు రాత్రే నట్ల దగ్గర మరల (థ్రెడ్ల) మీది తుప్పును వైర్ బ్రష్‌తో గీకి పెనెట్రేటింగ్ ఆయిల్ (సందుల్లోకి ఇంకే పలచని నూనె) కొట్టండి. పొద్దున ఇంకోసారి. పది నిమిషాల నానుడుకి ఏమీ కదలదు.

సాకెట్ ఆరు మూలలదే వాడండి. పన్నెండు మూలలది నట్టు అంచుల్ని గుండ్రంగా అరగదీస్తుంది.

అసలు ప్రమాదం స్టడ్ (నట్టు ఎక్కే, తలలేని మర కడ్డీ) విరగడం. 8 ఎం.ఎం. స్టడ్ హెడ్డు (ఇంజన్ పైభాగపు అల్యూమినియం దిమ్మ) అంచుకు సమంగా తెగితే డ్రిల్ వేయాల్సిందే. బిట్టు గట్టి ఉక్కును వదిలి మెత్తని అల్యూమినియం వైపు జారుతుంది, మర పాడవుతుంది. అందుకే స్పానర్ పిడికి పైపు తొడిగి ఒక్క ఊపున లాగకండి. కాస్త బిగించే వైపు, కాస్త విప్పే వైపు కదపండి. కిర్రుమంటే వెనక్కి తిప్పి మళ్లీ ఆయిల్. నట్టు తిరుగుతున్నట్టే ఉండి రబ్బరులా సాగితే వెంటనే ఆపండి, మెలితిరుగుతున్నది స్టడ్డే.

టార్చ్ వాడాల్సివస్తే ఆయిల్ తుడిచేయండి, ఆక్సిజన్ సెన్సర్ వైరు పక్కకు కట్టండి, పెట్రోల్ పైపులు దగ్గరుంటే మంట మాటే వద్దు. నట్టునే వేడిచేయండి, హెడ్డును కాదు: అల్యూమినియం ఎర్రబడకుండానే 660 డిగ్రీల దగ్గర కరిగిపోతుంది. క్లోరిన్ ఉన్న బ్రేక్ క్లీనర్ ఆ చుట్టుపక్కలే ఉండకూడదు. వేడికి ఫాస్జీన్ అనే విషవాయువు పుడుతుంది.

కొత్త స్టడ్లు, నట్లు, గ్యాస్కెట్ (అతుకు మధ్య పెట్టే సీలు) ముందే తెచ్చిపెట్టుకోండి.