స్కోరు రాయడం మొదలుపెట్టండి, క్రికెట్ అదే వస్తుంది

క్రికెట్ కొత్తగా చూస్తున్నవాళ్ళు చాలామంది అడిగేది ఒకటే, రూల్స్ అన్నీ ఒక్కచోట ఎక్కడ దొరుకుతాయని. నా మాట వినండి, రూల్స్ చదువుతూ కూర్చోకండి, స్కోరు రాయండి. ఒక లాంగ్ నోటుబుక్కు, పెన్ను పట్టుకుని టీవీ ముందు కూర్చున్నా సరే, సంక్రాంతికి మీ ఊళ్ళో జరిగే టోర్నమెంట్‌లో స్కోరర్ పక్కన కుర్చీ వేసుకున్నా సరే, ప్రతి బంతికీ ఏం జరిగిందో రాస్తూ పోతే రెండు మూడు మ్యాచ్‌ల్లోనే ఆట అర్థమవుతుంది. చూసేవాళ్ళు అర్థం కాకపోయినా నలుగురితో కలిసి అరిచి ఊరుకోవచ్చు. రాసేవాళ్ళకు ఆ వీలు లేదు, ఆ పరుగు ఎవరి ఖాతాలో వేయాలో తేలకుండా పెన్ను ముందుకు కదలదు కాబట్టి.

ముందు గ్రౌండ్ సంగతి త్వరగా చెప్పేస్తాను. జట్టుకు 11 మంది. మధ్యలో పిచ్ పొడవు 22 గజాలు, అంటే 66 అడుగులు. మన దేవరకొండ, కల్వకుర్తి వైపు ఊళ్ళల్లో వరి కోసిన మడినో, బీడునో చదును చేసి అంగలతో కొలిచేస్తుంటారు, టేపు దొరికితే టేపుతోనే కొలవండి. రెండు వైపులా మూడేసి స్టంప్‌లు, వాటి మీద రెండేసి బెయిల్స్. స్టంప్ ఎత్తు 28 అంగుళాలు, మూడూ కలిపి వెడల్పు 9 అంగుళాలు. స్టంప్‌ల ముందు 4 అడుగుల దూరంలో సున్నంతో గీసే గీతే క్రీజు. మన దగ్గర జరిగే లొల్లిలో సగం ఈ గీత దగ్గరే మొదలవుతుంది, అందుకే దీన్ని బాగా గుర్తుపెట్టుకోండి: బ్యాట్స్‌మన్ బ్యాటు కానీ కాలు కానీ గీత దాటి లోపల నేలకు తగిలి ఉంటేనే సేఫ్, గీత మీదే ఉందంటే లోపల లేనట్టే లెక్క. బౌలర్‌కూ అంతే, ముందు కాలులో కొంతైనా గీత వెనక పడాలి, లేకపోతే నోబాల్.

ఎప్పుడూ ఇద్దరు బ్యాట్స్‌మెన్ లోపల ఉంటారు. బంతి ఆడేవాడు స్ట్రైకర్, అవతలి కొసన నిలబడేవాడు నాన్‌స్ట్రైకర్. సరైన బంతులు ఆరు పడితే ఓవర్. ఓవర్ అయ్యాక ఇంకో బౌలర్ అవతలి కొస నుంచి వేస్తాడు, బ్యాట్స్‌మెన్ మాత్రం ఉన్న చోటే ఉంటారు. ఆఖరి బంతికి సింగిల్ తీస్తే మళ్ళీ స్ట్రైక్ తనకే ఎందుకు వస్తుందో ఇక్కడే తెలిసిపోతుంది.

ఇక రాయడం. పేజీని మూడు భాగాలు చేయండి: పైన బ్యాట్స్‌మెన్ పేర్లు, కింద బౌలర్ల పేర్లు, ఆ రెండింటి మధ్య ఎక్స్‌ట్రాలు. ప్రతి బంతి పడగానే మూడు ప్రశ్నలు వేసుకోండి. పరుగు వచ్చిందా, వస్తే ఎవరిది? ఎవరైనా ఔటయ్యారా? ఈ బంతి ఓవర్ లెక్కలోకి వస్తుందా? ఈ మూడింటికీ జవాబు తెలిస్తే ఆ బంతి పని అయిపోయినట్టే. పరుగు రాకపోతే చుక్క, వస్తే అంకె, ఔటైతే డబ్ల్యూ. బ్యాట్స్‌మన్ వరసలోనూ బౌలర్ వరసలోనూ రెండు చోట్లా పడాలి. బౌలర్ ఒక్క పరుగూ ఇవ్వకుండా ఓవర్ ముగిస్తే అది మెయిడిన్, ఆరు చుక్కల్నీ ఇంగ్లీషు ఎమ్ అక్షరంలా గీతతో కలుపుతారు.

కొత్తవాళ్ళకు తలనొప్పి అంతా ఎక్స్‌ట్రాల దగ్గరే, కాబట్టి ఇక్కడ కొంచెం నిదానంగా వెళ్దాం. ఎక్స్‌ట్రా అంటే జట్టుకు వచ్చినా బ్యాట్స్‌మన్‌కు చెందని పరుగు. బంతి అందనంత దూరంగా పోతే వైడ్, అంపైర్ రెండు చేతులూ బారుగా చాపుతాడు. జట్టుకు ఒక పరుగు, అది బౌలర్ ఖాతాలో, బంతి మళ్ళీ వేయాలి, బ్యాట్స్‌మన్ ఆడిన బంతుల్లోనూ లెక్కలేదు. ఆ వైడే కీపర్‌కు అందకుండా బౌండరీకి పోతే అయిదు వైడ్లు, అయిదూ బౌలర్ మీదే. నోబాల్‌కు అంపైర్ ఒక చేయి పక్కకు చాపుతాడు. ఇక్కడా ఒక పరుగు, బంతి మళ్ళీ వేయాలి, కానీ వైడ్‌కూ దీనికీ తేడా ఏమిటంటే నోబాల్‌ను కొట్టి పరుగులు తీయొచ్చు, అవి బ్యాట్స్‌మన్‌వే. నోబాల్‌ను ఫోర్ కొడితే జట్టుకు అయిదు, బ్యాట్స్‌మన్‌కు నాలుగు, బౌలర్ మీద అయిదు, పైగా బ్యాట్స్‌మన్ ఒక బంతి ఆడినట్టు కూడా రాయాలి. వన్డేల్లో, టీ20ల్లో నోబాల్ తర్వాతి బంతి ఫ్రీ హిట్, దానికి బౌల్డ్ అయినా క్యాచ్ ఇచ్చినా ఔట్ కాదు, రనౌట్ మాత్రం అవుతాడు, అంటే పరుగు తీస్తూ గీత లోపలికి చేరేలోపు స్టంప్‌లు పడగొడితే.

మిగిలినవి బై, లెగ్‌బై. బంతి బ్యాటుకూ ఒంటికీ తగలకుండా కీపర్‌ను దాటిపోతే తీసిన పరుగులు బైలు, అంపైర్ అరచేయి తెరిచి ఆ చేతిని తల పైకి ఎత్తుతాడు. కాలికో ఒంటికో తగిలి పోతే లెగ్‌బై, మోకాలు పైకెత్తి తట్టి చూపిస్తాడు. లెగ్‌బైకి ఒక షరతు ఉంది, బ్యాట్స్‌మన్ ఆడబోయి ఉండాలి లేదా తప్పించుకోబోయి ఉండాలి, ఊరికే కాలు అడ్డం పెట్టి పరుగు తీస్తానంటే అంపైర్ ఇవ్వడు. ఈ రెండూ బౌలర్ ఖాతాలో పడవు, కానీ బంతి మాత్రం ఓవర్ లెక్కలోకి వస్తుంది. అంపైర్ సిగ్నల్ ఇచ్చినప్పుడల్లా స్కోరర్ చేయెత్తి చూశానని చెప్పాలి, అప్పటిదాకా అంపైర్ తర్వాతి బంతి వేయనివ్వడు. టోర్నమెంట్‌లో కూర్చుంటే ఇది తప్పక పాటించండి, మీకు ఊపిరి పీల్చుకునే టైం కూడా దొరుకుతుంది.

ఇప్పుడు ఒక ఓవర్ రాసి చూద్దాం. 2023 సెప్టెంబర్ 17, కొలంబో, ఆసియా కప్ ఫైనల్. మూడు ఓవర్లకు శ్రీలంక 8 పరుగులు, ఒక వికెట్. నాలుగో ఓవర్ మన హైదరాబాద్ సిరాజ్ చేతికొచ్చింది, అతనికిది రెండో ఓవర్, మొదటిది మెయిడిన్. మొదటి బంతికి నిస్సాంక కొట్టాడు, జడేజా పట్టాడు. సిరాజ్ వరసలో డబ్ల్యూ, నిస్సాంక పేరు పక్కన క్యాచ్ జడేజా, బౌలర్ సిరాజ్. 2022 అక్టోబర్ నుంచి ఉన్న రూల్ ప్రకారం క్యాచ్ ఔటైతే, బంతి గాల్లో ఉండగా ఇద్దరూ దాటుకున్నా సరే, కొత్తగా వచ్చినవాడే స్ట్రైక్ తీసుకోవాలి, అదే ఓవర్ ఆఖరి బంతి అయితే తప్ప. కొన్ని ఊళ్ళల్లో ఇంకా పాత పద్ధతే నడుస్తోంది, టాస్ దగ్గరే అడిగి తెలుసుకోండి. వచ్చినవాడు సమరవిక్రమ. రెండో బంతి చుక్క. మూడో బంతికి అతను ఎల్బీడబ్ల్యూ (కాలికి తగిలి ఔట్, దీని సంగతి కింద చెప్తాను), నాలుగో బంతికి అసలంక క్యాచ్. రెండు డబ్ల్యూలు పక్కపక్కనే పడ్డాయి, మూడోది కూడా పడితే హ్యాట్రిక్. అయిదో బంతిని ధనంజయ డిసిల్వా ఫోర్ కొట్టాడు, హ్యాట్రిక్ పోయింది, ఆరో బంతికి అతనే కీపర్‌కు క్యాచ్. ఇప్పుడు సిరాజ్ గడిలో ఉన్నది చూడండి: డబ్ల్యూ, చుక్క, డబ్ల్యూ, డబ్ల్యూ, నాలుగు, డబ్ల్యూ. శ్రీలంక 12/5, అంటే 12 పరుగులు, అయిదు వికెట్లు. ఇన్నింగ్స్ మొత్తానికి సిరాజ్ లెక్క 7-1-21-6, అంటే ఏడు ఓవర్లు, ఒక మెయిడిన్, ఇచ్చినవి 21 పరుగులు, తీసినవి ఆరు వికెట్లు. పేపర్లో ఇలా నాలుగు అంకెలు కనబడితే ఇదే వరస.

శ్రీలంక 50కి ఆలౌట్ అయింది, మనవాళ్ళు ఒక్క వికెట్టూ పోకుండా 51 కొట్టేశారు కాబట్టి 10 వికెట్ల తేడాతో గెలిచారు అంటారు. రెండోసారి బ్యాటింగ్ చేసినవాళ్ళు గెలిస్తే వికెట్ల తేడా, మొదట చేసినవాళ్ళు గెలిస్తే పరుగుల తేడా.

ఔట్లలో బౌలర్‌కు వికెట్ దక్కేవి బౌల్డ్, క్యాచ్, ఎల్బీడబ్ల్యూ, స్టంపింగ్ (ఆడబోయి గీత దాటి బయటికి వస్తే కీపర్ స్టంప్‌లు పడగొట్టడం), హిట్ వికెట్ (బ్యాట్స్‌మన్ తన బ్యాటో ఒళ్ళో తగిలించి తన స్టంప్‌లే పడగొట్టుకోవడం). రనౌట్‌ది బౌలర్ ఖాతాలో వేయొద్దు. రనౌట్ అయినప్పుడు అంతకుముందు పూర్తయిన పరుగులు లెక్కలోకి వస్తాయి, ఔటైన ఆ పరుగు రాదు. రెండో పరుగుకు పోతూ రనౌటైతే ఒక పరుగు రాయాలన్నమాట.

ఎల్బీడబ్ల్యూ గురించి మాత్రం మనవాళ్ళకు వేరేగా చెప్పాలి, ఎందుకంటే టెన్నిస్ బాల్ టోర్నమెంట్లలో చాలాచోట్ల అది ఇవ్వరు, అందుకే ఏళ్ళ తరబడి ఆడినవాళ్ళు కూడా టీవీలో చూసి అయోమయంలో పడుతుంటారు. బంతి బ్యాటుకు ముందుగా తగలకుండా కాలికో ఒంటికో తగిలింది, అది అడ్డు లేకపోతే స్టంప్‌లకు తగిలేదే అని అంపైర్‌కు అనిపించాలి. అయినా రెండు మినహాయింపులున్నాయి. బంతి లెగ్ స్టంప్ బయట, అంటే బ్యాట్స్‌మన్ కాళ్ళ వైపు బయట పడితే ఎట్లా తగిలినా నాటౌట్. ఆఫ్ స్టంప్ బయట, అంటే దానికి అవతలి వైపు బయట, కాలికి తగిలితే, అతను బ్యాటుతో ఆడే ప్రయత్నం చేసి ఉంటే నాటౌట్, బ్యాటు దాచుకుని ఊరికే కాలు పెడితే ఔటే. టీవీలో రివ్యూ వచ్చినప్పుడు ఇదే వరసలో చూడండి: ఎక్కడ పడింది, ఎక్కడ తగిలింది, వికెట్లకు తగులుతుందా. కామెంటరీ మ్యూట్ చేసినా మీకే తెలుస్తుంది.

లెక్కల్లో ఒక చిక్కు ఉంది. 3.4 ఓవర్లు అంటే మూడు ఓవర్ల నాలుగు బంతులు, మొత్తం 22 బంతులు. ఆ 22 బంతుల్లో బౌలర్ 22 పరుగులిస్తే ఓవర్‌కు సరిగ్గా 6, దీన్నే ఎకానమీ అంటారు. ఫోన్‌లో 22ని 3.4తో భాగిస్తే 6.47 వస్తుంది, అది తప్పు. బంతుల్లోకి మార్చి, పరుగుల్ని ఆ బంతులతో భాగించి, తర్వాత ఆరుతో హెచ్చించండి. స్ట్రైక్ రేట్ సులువు, 100 బంతులు ఆడితే ఎన్ని పరుగులు చేసేవాడో అదే.

ఇన్నింగ్స్ అయిపోయాక లేచిపోకండి, రెండు కూడికలు చేయండి. బ్యాట్స్‌మెన్ పరుగులన్నీ, ఎక్స్‌ట్రాలన్నీ కలిపితే జట్టు స్కోరు రావాలి. బౌలర్లు ఇచ్చినవన్నీ, బైలు, లెగ్‌బైలు కలిపినా అదే రావాలి. రెండూ కలిస్తే రాసింది కరెక్ట్, కలవకపోతే ఎక్కడో లెగ్‌బై బౌలర్ మీద వేసి ఉంటారు, లేదా వైడ్ వదిలేసి ఉంటారు. రెండో ఇన్నింగ్స్ మొదలుకాకముందే ఇద్దరు కెప్టెన్లకు చూపించి సంతకం తీసుకోండి. టార్గెట్ మీద పంచాయితీ వస్తే ఆ పేజీయే జవాబు.

టీ20లో 20 ఓవర్లు, బౌలర్‌కు నాలుగు. వన్డేలో 50, బౌలర్‌కు పది. ఇవి రాయడం వచ్చాక టెస్టుకు రండి, అయిదు రోజులు, జట్టుకు రెండు ఇన్నింగ్స్. దీనికి 2001 కోల్‌కతా టెస్టు స్కోర్‌కార్డు ఫోన్‌లో తెరిచి పక్కన పెట్టుకోండి. ఆస్ట్రేలియా 445, మనం 171. మొదట ఆడినవాళ్ళకు 200 లేదా అంతకన్నా ఎక్కువ ఆధిక్యం ఉంటే అవతలి జట్టును వెంటనే మళ్ళీ బ్యాటింగ్‌కు దింపొచ్చు, అదే ఫాలో ఆన్, దింపారు. మన హైదరాబాద్ లక్ష్మణ్ 281, ద్రవిడ్ 180, ఇద్దరి భాగస్వామ్యం 376. ఏడు వికెట్లకు 657 దగ్గర ఇంకా వికెట్లున్నా కెప్టెన్ చాలు అన్నాడు, అదే డిక్లేర్. ఆస్ట్రేలియా 212కి ఆలౌట్, మనం 171 పరుగులతో గెలిచాం. ముందు ఆ తేడా 171 ఎలా వచ్చిందో మీరే కాగితం మీద వేసి చూడండి, తర్వాత నాలుగు ఇన్నింగ్స్‌లకూ కిందున్న ఎక్స్‌ట్రాల వరస తీసి, ఏవి బౌలర్ మీద పడ్డాయి, ఏవి పడలేదు అని ఒక్కొక్కటీ విడదీయండి.