ఒకే స్లైడ్ మీద రెండు సూడాన్‌లు: పల్లీ బద్దలో నూనెకు రంగెక్కించడం

సూడాన్ అనగానే నైలు నది, ఖార్టూమ్ గుర్తొస్తాయి. ప్రయోగశాల బీరువాలో మాత్రం ఆ పేరు ముదురు ఎర్రపొడి ఉన్న సీసా మీద కనిపిస్తుంది. సూడాన్ రంగులు ఆ దేశంలో పండేవీ కావు, తవ్వి తీసేవీ కావు, ఫ్యాక్టరీలో పుట్టిన అజో రంగులు. అయినా గింజలోని నూనెను మైక్రోస్కోప్‌లో చూసేందుకు స్లైడ్ చేసేటప్పుడు ఈ రెండు సూడాన్‌లూ నిజంగానే కలుస్తాయి. నూనెకు పట్టే రంగు ఒక సూడాన్, ఆ స్లైడ్‌ను మూసే బంక రెండో సూడాన్ సరుకు. ప్రపంచానికి ఈ బంకను, అంటే గమ్ అరబిక్‌ను, అందరికంటే ఎక్కువగా పంపేది ఆ దేశమే. అక్కడి కోర్డోఫాన్ ప్రాంతంలో హషాబ్ అనే తుమ్మ జాతి చెట్ల బంకకు ప్రత్యేకమైన పేరుంది.

రంగు కొనేటప్పుడు సీసా మీది పేరును నమ్మకండి, సి.ఐ. (కలర్ ఇండెక్స్) నంబరు చూడండి. సూడాన్ 1కి 12055, సూడాన్ 2కి 12140, సూడాన్ 3కి 26100, సూడాన్ 4కి 26105, సూడాన్ బ్లాక్ బికి 26150. సూడాన్ 4నే కొందరు స్కార్లెట్ ఆర్ అని అమ్ముతారు. ఆయిల్ రెడ్ ఓ దీనికి దగ్గరి చుట్టమే కానీ నంబరు వేరు, 26125. గింజల పనికి 3 గానీ 4 గానీ చాలు. 3 నారింజ ఎరుపు, 4 ఇంకాస్త చిక్కని ఎరుపు. రెండూ ఉంటే 4 తీసుకోండి, పలచని కోతలో కూడా స్పష్టంగా కనిపిస్తుంది.

రంగు ద్రావణం

70 శాతం ఇథైల్ ఆల్కహాల్ 100 మి.లీ., రంగు పొడి అర గ్రాము. చేతిలో ఉన్నది 95 శాతం ఆల్కహాల్ అయితే 74 మి.లీ. కొలిచి, డిస్టిల్డ్ వాటర్‌తో 100 మి.లీ.కి తీసుకురండి. దీనికి సర్జికల్ స్పిరిట్ వాడొద్దు. కొన్ని రకాల్లో ఆముదం కలుపుతారు, రంగంతా దానికే పడుతుంది. శానిటైజర్‌లో గ్లిజరిన్ ఉంటుంది కాబట్టి అదీ పనికిరాదు.

సీసా మూత వదులుగా పెట్టి, 50–60 డిగ్రీల నీళ్లున్న గిన్నెలో అరగంట ఉంచండి. పొయ్యి, బర్నర్ వెలుగుతున్న చోట ఈ పని చేయకూడదు. వేణ్నీళ్లు వేరే చోట కాచి తెచ్చుకోవాలి. తర్వాత మూత బిగించి రాత్రంతా కదపకుండా ఉంచండి. పొద్దున సీసా అడుగున కొంత పొడి కరగకుండా మిగలాలి. మిగిలిందంటే ద్రావణం పూర్తిగా సంతృప్తమైందని లెక్క. ఏమీ మిగలకపోతే చిటికెడు పొడి వేసి మళ్లీ వేడి చేయాలి. వాడే ముందు, ఆ రోజుకు కావలసినంతే, ఫిల్టర్ కాగితంలో వడకట్టుకోండి.

70 శాతమే ఎందుకు? సూడాన్ రంగు దేనికీ రసాయనికంగా అతుక్కోదు. ఆల్కహాల్‌లో కంటే నూనెలో బాగా కరుగుతుంది కాబట్టి అటు జారుకుంటుంది, అంతే. ఆల్కహాల్ 90 శాతం దాటితే రంగు అందులోనే హాయిగా ఉండిపోతుంది, పైగా గింజలోని నూనె కరిగి బయటికి వచ్చేస్తుంది. 50 శాతానికి దిగితే రంగే సరిగా కరగదు. ఆల్కహాల్‌లో నూనె కరిగిపోయే ఇబ్బంది ఉంది కాబట్టే ఆముదం గింజతో మొదలుపెట్టకండి. మామూలు నూనెల్లో ఆల్కహాల్‌కు అన్నిటికంటే తేలిగ్గా లొంగేది ఆముదమే.

బంక

దీన్ని అపాతీ మీడియం అంటారు. గమ్ అరబిక్ 50 గ్రాములు, పంచదార 50 గ్రాములు, డిస్టిల్డ్ వాటర్ 50 మి.లీ., బూజు పట్టకుండా థైమాల్ 50 మి.గ్రా. బంకను పొడి కొట్టి నీళ్లలో రాత్రి నానబెట్టి, పొద్దున వేణ్నీళ్ల గిన్నెలో పెట్టి నిదానంగా కరిగించండి. అది కరిగాక పంచదార, చివర్లో థైమాల్. గబగబా కలిపితే బుడగలు పడతాయి, ఆ చిక్కదనంలో అవి ఓ పట్టాన పోవు. పలచని మల్లు గుడ్డలో వడకట్టి, ఒక రోజు కదపకుండా పెడితే తేటపడుతుంది. మన నల్లతుమ్మ బంక వేరే చెట్టుది, రంగు ముదురు. చూడ్డానికి ఒకలా ఉన్నా స్లైడ్‌కు ఆ గోధుమ ఛాయ అంటుతుంది. ఆ రోజే చూసి పారేసే స్లైడ్ అయితే ఈ తతంగమంతా వద్దు, ఒక చుక్క గ్లిజరిన్ చాలు.

కోత, రంగు

వేయించని పల్లీలను నాలుగైదు గంటలు నానబెట్టి, పొట్టు తీసి, బద్దలు విడదీయండి. బద్దను తడి చేసి, కొత్త బ్లేడుతో అడ్డంగా, ఒకే ఊపులో, వెనక్కి లాగుతూ కోయాలి. రంపంలా ముందుకూ వెనక్కూ ఆడిస్తే కణాలు చిరిగి నూనె కారిపోతుంది. పాతిక ముప్ఫై కోతలు కోసి నీళ్లున్న వాచ్ గ్లాసులో (లోతు తక్కువున్న గాజు పళ్లెం) వేసుకోండి. అందులో కాగితం మీద అక్షరాలు కనిపించేంత పలచనివి నాలుగైదు దొరికితే గొప్ప.

పలచనివాటిని బ్రష్‌తో తీసి 50 శాతం ఆల్కహాల్‌లో ఒక నిమిషం ఉంచండి. అక్కణ్నుంచి వడకట్టిన రంగులోకి మార్చి 15–20 నిమిషాలు వదిలేయండి. అంతసేపూ వాచ్ గ్లాసు మీద మూత ఉండాల్సిందే. తర్వాత మళ్లీ 50 శాతం ఆల్కహాల్‌లో ఐదారు సెకన్లు ఆడించి, వెంటనే నీళ్లలో వేసి, స్లైడ్ మీద బంక చుక్కలోకి తీసుకోండి. కవర్ స్లిప్‌ను ఒక అంచు నుంచి వంచి మెల్లగా దించండి, పైనుంచి నొక్కకండి. నొక్కితే నూనె బొట్లు ఒకదాంట్లో ఒకటి కలిసిపోయి, కణంలో ఉండాల్సినవి పక్కన చెరువు కడతాయి.

మొదట 10ఎక్స్, తర్వాత 40ఎక్స్ లెన్స్‌తో చూడండి. కణాల నిండా ఎర్రటి చిన్న చిన్న చుక్కలుంటాయి. రంగు పట్టకుండా తెల్లగా మెరిసే గుండ్రనివి పిండి రేణువులు, ప్రొటీన్ ముద్దలు. కోత అంచున కనిపించే పెద్ద ఎర్రబొట్లు బ్లేడు వల్ల తెగిన కణాలవి, వాటిని లెక్కలోకి తీసుకోవద్దు. నల్లటి మందమైన అంచు, లోపల రంగు లేకుండా ఉంటే అది గాలి బుడగ. మొదటిసారి చూసేవాళ్లలో చాలామంది బొమ్మ గీసేది దాన్నే.

ఇంకో స్లైడ్ తప్పనిసరి. రెండు మూడు కోతలను అసిటోన్‌లో గంటసేపు, మధ్యలో రెండుసార్లు అసిటోన్ మారుస్తూ ఉంచి, ఆపైన 50 శాతం ఆల్కహాల్ నుంచి అదే వరుసలో రంగు వేయండి. నూనె పోయింది కాబట్టి ఎర్రచుక్కలు ఉండకూడదు. ఉన్నాయంటే మీరు చూస్తున్నది నూనె కాదు, మరకో రంగు రేణువో.

ఎక్కడ చెడుతుంది

సూదుల్లాంటి ముదురు ఎర్ర స్ఫటికాలు కోతంతా పరుచుకున్నాయా? మూత పెట్టలేదు, ఆల్కహాల్ ఆవిరై రంగు విడిపోయింది. అంతా ఒకే గులాబీ రంగులో ఉంటే కోత మందం, లేదా కడగడం చాలలేదు. అసలు రంగే పట్టకపోతే ముందు ఆల్కహాల్ బలాన్ని, తర్వాత కడిగిన సమయాన్ని అనుమానించండి. నిన్న బాగున్న స్లైడ్ ఇవాళ మసకబారిందంటే దాన్ని డి.పి.ఎక్స్. అనే స్లైడ్ బంకతో మూసుంటారు. అందులోని జైలీన్ అనే ద్రావకం నూనెనూ రంగునూ కలిపి కరిగించేస్తుంది. మైనపు దిమ్మలో పెట్టి కోసిన కణజాలానికి ఈ పద్ధతి నడవకపోవడానికీ కారణం అదే, జైలీన్ దశలోనే కొవ్వు పోతుంది. ఆకు, కాండం కోతల్లో పైపొర, బెరడు కూడా ఎర్రబడితే కంగారు పడొద్దు. అక్కడి క్యూటిన్, సుబెరిన్ కూడా కొవ్వు జాతివే, రంగు పడుతుంది.

కారం సంగతి

నీళ్లలో కరగకపోవడం, నూనెలో కరగడం అనే ఈ గుణమే కారప్పొడి కల్తీని పట్టుకోవడం కష్టం చేసింది. 2003 మేలో ఫ్రాన్స్‌లో భారత్ నుంచి వెళ్లిన మిరప సరుకులో సూడాన్ 1 బయటపడింది. జూన్‌లో యూరోపియన్ యూనియన్, ఆ రంగు లేదని పరీక్ష పత్రం ఉంటేనే మిరప సరుకును రానిస్తామంది. ఇళ్లలో చేసే గ్లాసు నీళ్ల పరీక్ష నీళ్లలో కరిగే రంగులనే చూపిస్తుంది, సూడాన్ అందులో కనిపించదు. పోనీ నూనెలో వేసి చూద్దామంటే మిరపలోని సొంత ఎరుపు కూడా నూనెలోనే దిగుతుంది. గుంటూరు కారమైనా, ఇంకెక్కడి కారమైనా, తేల్చాలంటే కలిసి ఉన్న పదార్థాలను విడదీసి గుర్తించే హెచ్‌పీఎల్‌సీ యంత్రం ఉన్న ప్రయోగశాలకు పంపాల్సిందే. సూడాన్ రంగులు తిండిలో ఎంత తక్కువైనా వేయకూడనివి. కాబట్టి ఈ పనికి వంటింటి గరిటె, గిన్నె, త్రాసు వాడకండి. పొడి తూచేటప్పుడు చేతులకు గ్లవ్స్, ముక్కుకు మాస్కు ఉండాలి. వాడేసిన ద్రావణాన్ని సింకులో పోయకుండా, ఆల్కహాల్ వ్యర్థాల డబ్బాలో పోసి, పైన ‘సూడాన్ 4, ఆల్కహాల్’ అని, తేదీతో సహా రాసి పెట్టండి.