కట్టడాన్ని చదవడం - 4వ పాఠం: గుర్రపుశాల

పోయిన పాఠంలో ఒక ఫొటో ఇచ్చి ఇదేం కట్టడమని అడిగితే, చాలామంది "డ్యూక్ గారి భవంతి" అని జవాబు రాశారు (డ్యూక్ అంటే ఇంగ్లండ్‌లో పెద్ద ప్రభువుకుండే బిరుదు). అది భవంతి కాదు, ఇంగ్లండ్‌లో డెర్బీషైర్‌లో ఉన్న చాట్స్‌వర్త్ అనే ఎస్టేటులోని గుర్రపుశాల. ఈసారి కిటికీల గురించి చెబుదామనుకున్నాను గానీ, ముందు ఈ ముడి విప్పాలి.

మిమ్మల్ని బోల్తా కొట్టించింది ముఖద్వారం. నాలుగు డోరిక్ స్తంభాలు (పాత గ్రీకు పద్ధతిలోని సాదా, దిట్టమైన స్తంభాలు), వాటి మీద త్రికోణపు ముఖభాగం, అందులో వంశచిహ్నం, ఆపైన గడియారపు గోపురం. నిలువెత్తు దుప్పుల బొమ్మలు, వాటికి నిజం కొమ్ములు! ఇంత ఆడంబరం ఉంటే దొర ఇల్లే అయివుంటుందనుకున్నారు. ఈ పొరపాటు చూస్తే నాకు ప్రాణం ఉసూరుమంటుంది. స్తంభాలు కట్టించినవాడి హోదా చెబుతాయి, లోపల ఉండేదెవరో చెప్పవు. గుర్రాలూ బగ్గీలూ నలుగురి కళ్ళబడే ఆస్తి, కాబట్టి వాటి ఇంటికీ దర్జా కావాలి. ఫ్రాన్స్‌లోని షాంటీ గుర్రపుశాల పొడవు 186 మీటర్లు. అదీ చూపులకు రాజభవనమే.

నేనైతే ఎప్పుడూ నేల నుంచే మొదలుపెడతాను. ద్వారానికి మెట్లున్నాయా? గుర్రం వచ్చే దారిలో మెట్లుండవు. కమాను ఎత్తెంత? రౌతు తల వంచకుండా, బగ్గీ ఒరుసుకోకుండా పోవాలి. దాటితే ఏముంది? బండి తిరిగేంత ముంగిలి. ఈ మూడూ కుదిరాక స్తంభాల జోలికి పోండి.

ఇక లోపలికి. చాట్స్‌వర్త్ శాలను వాస్తుశిల్పి జేమ్స్ పెయిన్ 1760 ప్రాంతంలో డెవన్‌షైర్ 4వ డ్యూక్ కోసం కట్టాడు. రెండంతస్తుల చతురస్రం, భుజం 58 మీటర్లు. 80 గుర్రాలకు చోటు, లాడాలకు కొలిమి. పై అంతస్తులో ధాన్యపు గదులు, పనివాళ్ళ గదులు. ఒక తలుపు మీద "మూడో పోస్టిలియన్" అన్న రాత ఉంది. పోస్టిలియన్ అంటే బండి లాగే గుర్రం మీదే కూర్చుని తోలేవాడు. వాళ్ళలో మూడోవాడికి కూడా పేరు రాసిన తలుపు ఉందంటే ఆ కొలువు ఎంత పెద్దదో చూడండి. 1939లో చివరి గుర్రాలు వెళ్ళిపోయాయి.

అభ్యాసం: 14.5 సెంటీమీటర్ల చతురస్రం గీయండి, సెంటీమీటరుకు 4 మీటర్లు. మధ్యలో ముంగిలి వదిలి, చుట్టూ 80 గుర్రాలకు గదులు, కొలిమి, మేత దించే చోటు మీరే అమర్చండి. తర్వాత ఒక గుర్రాన్ని ద్వారం నుంచి కొలిమికి, అక్కణ్ణుంచి దాని గదికి పెన్సిల్‌తో నడిపించండి. ఎదురొచ్చే బగ్గీకి అడ్డం పడిందా, గీసింది చెరిపి మళ్ళీ గీయండి.