పారే నీళ్లలో బండి దింపొద్దు: వానలు మొదలయ్యేలోపు చదవాల్సిన జాగ్రత్తలు

మొన్న పడ్డ అకాల వానకే మా వైపు ఒక వాగులో బైకు కొట్టుకుపోయింది. దాని మీద ఇద్దరున్నారు. ఒకతనికి కానుగ కొమ్మ అందింది. రెండో అతను మర్నాడు పొద్దున చాలా దూరంలో తుమ్మకంపలో దొరికాడు. ఇద్దరూ ఆ ఊళ్లో పుట్టినవాళ్లే, ఆ వాగులో ఈత నేర్చినవాళ్లే. మిరుగం, అంటే మృగశిర కార్తె, ఇంకా రానే లేదు.

శంకర్‌పల్లి, చేవెళ్ల, వికారాబాద్ వైపు ఊళ్లలో ఉండేవాళ్ల కోసం, హైదరాబాద్‌లో ఉంటూ బోనాలకో పొలం పనికో అటు వెళ్లివచ్చే వాళ్ల కోసం ఇది రాస్తున్నాను. కాచి చల్లార్చిన నీళ్లు, దోమతెరల గురించి మీకు తెలుసు కాబట్టి వాటి జోలికి పోను.

వాగు దగ్గర

పారే నీళ్లలో బండి దింపొద్దు. మిగతాదంతా మర్చిపోయినా ఈ ఒక్కటి గుర్తుంచుకోండి.

పల్లె రోడ్లలో చాలా చోట్ల వాగు మీద ఎత్తు వంతెన ఉండదు. నేలబారు కల్వర్టు, దాని కింద నాలుగు తూములు, అంతే. ఆ తూముల్లో ప్లాస్టిక్ సంచులు, గుర్రపుడెక్క, ముళ్లకంప ఇరుక్కుని నీళ్లు రోడ్డెక్కుతాయి. ఒడ్డున నిలబడి చూస్తే జానెడు లోతే అనిపిస్తుంది. వెనక కూర్చున్నవాడు "ఏం గాదు తియ్యి, రోజూ పోయే తొవ్వనే గదా" అంటాడు. మా చుట్టుపక్కల జరిగిన ప్రమాదాల్లో చాలావాటికి ముందు ఇలాంటి మాటే ఎవరో ఒకరు అన్నారు.

జోరుగా పారే నీళ్లు అరడుగు ఉన్నా నిలబడ్డ మనిషిని పడగొట్టగలవు. అడుగు లోతుంటే చిన్న కారు కొట్టుకుపోతుంది, రెండడుగులుంటే పెద్ద బండ్లు కూడా ఆగవు. కారు టన్ను బరువున్నా లోపలంతా గాలే కదా. కిందికి నీళ్లు చేరగానే టైర్లకు రోడ్డు మీద పట్టు పోతుంది, ఆ తర్వాత స్టీరింగు తిప్పినా ఒకటే, వదిలేసినా ఒకటే. పైగా ప్రవాహం వేగం రెట్టింపైతే అది తోసే బలం నాలుగింతలవుతుంది. నిన్న దాటాం కదా అనే లెక్క ఇవాళ పనికిరాదు.

కల్వర్టు దిగువన, నీళ్లు దుంకే చోట, మట్టి ముందుగా కోసుకుపోతుంది. పైన తారు అలాగే ఉంటుంది, దాని కింద డొల్ల. మట్టినీళ్లలో ఆ డొల్ల కనిపించదు. ఎగువన నీళ్లు నున్నగా, నిదానంగా ఉన్నట్టుంటాయి. ఒకసారి దిగువ వైపు చూడండి, అక్కడ నురగ లేచి సుడి తిరుగుతుంటుంది. అంచు రాళ్లు మునిగాక రోడ్డు ఎక్కడిదాకా ఉందో ఆ ఊరివాళ్లకైనా తెలియదు.

వాన మీ ఊళ్లోనే పడాలని లేదు. మూసీ పుట్టేది అనంతగిరి గుట్టల్లో. అక్కడ రాత్రి దంచికొడితే ఇక్కడ ఎండ కాస్తుండగానే వాగు పొంగి వస్తుంది. గండిపేట, హిమాయత్‌సాగర్ గేట్లు ఎత్తితే ఆ నీళ్లు చాదర్‌ఘాట్, మూసారాంబాగ్ దాకా పోతాయి. గేట్లు ఎత్తారని వినగానే మూసీ పక్క లోతట్టు రోడ్లు, కింది వంతెనలు వదిలేసి వేరే దారి చూసుకోండి.

నీళ్లు పెరుగుతున్నాయో తగ్గుతున్నాయో తెలియాలంటే నీటి అంచున ఒక రాయి పెట్టి పావుగంట చూడండి. మునిగిందంటే పెరుగుతున్నట్టు. మునగలేదు కదా అని దిగిపోకండి. అక్కడే ఆగాలా, వెనక్కి పోయి చుట్టాలింట్లో పడుకోవాలా అని తేల్చుకోవడానికే ఆ రాయి. రోడ్డు పూర్తిగా తేలి కనిపించేదాకా పారే నీళ్లలో బండి దింపొద్దు.

ఫోన్‌లో మ్యాప్ దగ్గరి దారి చూపిస్తుంది, అది చాలాసార్లు ఇలాంటి కల్వర్టు మీంచే పోతుంది. రాత్రిపూట దాన్ని నమ్మకుండా టీ కొట్టు దగ్గర ఆగి "అన్నా, వాగు వచ్చిందా?" అని అడగండి.

జూన్‌లో అందరూ జాగ్రత్తగానే ఉంటారు. ప్రమాదం వానాకాలం చివర్లో ఎక్కువ. 1908 సెప్టెంబరు 28న మూసీ హైదరాబాద్‌ను ముంచింది హస్త కార్తెలో. నగరాన్ని అతలాకుతలం చేసిన 2020 అక్టోబరు 13 రాత్రి వాన పడింది చిత్తలో. అప్పటికి చెరువులు నిండి ఉంటాయి, నేల ఇక తాగలేనంతగా నాని ఉంటుంది, పడ్డ చినుకు పడ్డట్టే వాగులోకి పోతుంది. సరిగ్గా అప్పుడే బతుకమ్మకు, దసరాకు మనం పిల్లాపాపలతో ఊరికి బయల్దేరతాం.

పిడుగు

మెరుపు కనిపించాక ఉరుము వినిపించేదాకా లెక్కపెట్టండి. సుమారు మూడు సెకన్లకు ఒక కిలోమీటరు. ముప్పై అంకెల్లోపే ఉరిమిందంటే పని ఆపి పక్కా ఇంట్లోకో, అద్దాలెత్తిన కారులోకో పోవాలి. చివరి ఉరుము తర్వాత అరగంట దాకా బయటికి రావద్దు. పుణెలోని వాతావరణ పరిశోధన సంస్థ ఐఐటీఎం వాళ్ల దామిని యాప్ దగ్గర్లో పిడుగులుంటే చెబుతుంది, గొర్రెల కాపర్ల ఫోన్లలో కూడా వేసిపెట్టండి.

చెట్టు కిందికి పోవద్దు. పిడుగు పడ్డ మనిషిని ముట్టుకుంటే షాక్ కొడుతుందని భయపడి దూరంగా నిలబడిపోతారు. కొట్టదు. ఊపిరి ఆడకపోతే వెంటనే ఛాతీ మధ్యలో గట్టిగా, వేగంగా నొక్కుతూ ఉండండి, పక్కవాళ్లతో 108కి ఫోన్ చేయించండి.

కరెంటు

పొలం మోటారు స్టార్టర్ డబ్బాకు ఎర్తింగ్ ఉందో లేదో వానలకు ముందే చూపించుకోండి. తడి చేతులతో, ఉత్త కాళ్లతో బటన్ నొక్కొద్దు. దండేనికి ఇనుప తీగ కట్టొద్దు. తెగిపడ్డ తీగను కర్రతో జరుపుదామని చూడొద్దు, దూరంగా నిలబడి 1912కి చెప్పండి.

ఒడ్డున మోటారు ఉన్నవాళ్లు వాన కబురు తెలియగానే, వెలుతురు ఉండగానే దాన్ని గట్టుకు చేర్చుకోండి. వాగు వచ్చాక మోటారు కోసం దిగొద్దు. మోటారు మళ్లీ కొనుక్కోవచ్చు.

ఇక వరసగా చెప్పేస్తాను:

– రాత్రి టార్చి లేకుండా, చెప్పులు లేకుండా బయటికి పోవద్దు. కింద పడుకోవద్దు. కట్లపాము కరిస్తే నొప్పి కూడా తెలియకపోవచ్చు.

– పాము కాటును కోయొద్దు, తాడుతో బిగించొద్దు, మంత్రం కోసం తిరగొద్దు. నేరుగా పెద్ద సర్కారు ఆసుపత్రికి.

– రెడ్ అలర్ట్ ఉన్న రోజు ప్రయాణం మానుకోండి. పెళ్లయినా సరే.

– మత్తడి మీద నిలబడి ఫొటోలు వద్దు. పాచికి కాలు జారితే పట్టుకోవడానికి ఏమీ ఉండదు.

– చేపలు ఎదురెక్కుతున్నాయని చీకట్లో వల పట్టుకుని పోవద్దు.

– బర్రె అవతలి ఒడ్డున ఉండిపోతే ఉండనివ్వండి. దానికి ఈత వచ్చు.

– బడి ఆటో డ్రైవరుకు ఇప్పుడే చెప్పండి: రోడ్డు మీద నీళ్లు పారుతుంటే పిల్లల్ని మళ్లీ బళ్లో దించి రావాలి. ఆలస్యమైందని అతన్ని తిట్టొద్దు.

– ముందు లారీ దాటిందని వెనకాలే పోవద్దు. లారీ బరువు వేరు.

– ట్రాక్టరు ట్రాలీలో జనాన్ని ఎక్కించి దాటించొద్దు.

– అడ్డంగా పెట్టిన ముళ్లకంప, బారికేడు పక్కకు జరిపి పోవద్దు. జరిపినవాడు దాటిపోతాడేమో, వెనక వచ్చేవాడికి అక్కడ అడ్డం ఉందనే తెలియదు.

– తాగినవాడి చేతికి బండి ఇవ్వొద్దు. వాగు దగ్గర అసలే వద్దు.

– కారు నీళ్లలో ఆగిపోతే సెల్ఫ్ కొడుతూ కూర్చోవద్దు. బెల్టు తీయండి, కరెంటు ఉండగానే అద్దం దించండి, తలుపుతో కుస్తీ వద్దు. ముందు పిల్లల్ని కారు పైకి ఎక్కించి, మీరూ ఎక్కి 112కి ఫోన్ చేయండి.

– బయటపడ్డాక ఫోన్ కోసమో బ్యాగు కోసమో మళ్లీ దిగొద్దు.

– ఎవరైనా కొట్టుకుపోతుంటే దూకొద్దు. తాడు, చీర, పొడవాటి వాసం, ఏది దొరికితే అది విసరండి. మూత బిగించిన ఖాళీ నూనె డబ్బా ఉంటే ఇంకా మంచిది, మనిషి దాన్ని పట్టుకుని తేలతాడు. వాగు దాటి పోయే ఊళ్లవాళ్లు అలాంటి డబ్బా ఒకటి, పది గజాల తాడు ఒకటి అక్టోబరు చివరిదాకా బండిలో ఉంచుకోండి.